వాయిస్ మెసేజ్‌కు నాలుగున్నర స్టార్లు, పేరెంట్స్ గ్రూపుకు రెండు

ఆదోని వైపు ఒక పల్లె హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. వాట్సాప్, టెలిగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్ నాలుగింటినీ బడి పనికి ఏళ్ల తరబడి వాడి చూశాను. ఏది ఎంత పనికొచ్చిందో ఐదు స్టార్ల లెక్కన చెప్తాను. నన్నడిగితే, గ్రూపు ఎంత పెద్దదైతే అంత తక్కువ పనికొస్తుంది. తల్లిదండ్రులతోనైనా అంతే, తోటి టీచర్లతోనైనా అంతే.

పేరెంట్స్ గ్రూపు 2020లో బడులు మూసినప్పుడు పుట్టింది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ఎన్నింటికొస్తాయో చెప్పడానికి పెట్టాం. కరోనా పోయింది, గ్రూపు ఉండిపోయింది. అందులో ఎవరెవరున్నారో చూస్తే నవ్వొస్తుంది. అడ్మిషన్ రిజిస్టర్లో రాయించిన నంబరు కొందరికి మేనమామది, కొందరికి బెంగళూరులో బేల్దారి పనికి పోయిన అన్నది. "రేపు స్లిప్ టెస్ట్" అని మనం పెడితే ఆ కబురు ముందుగా చేరేది బెంగళూరు సైటుకి. ఇక్కడ పిల్లను చూసుకునే అవ్వ చేతిలో ఉండేది బటన్ ఫోను.

దానికి తోడు గుడ్ మార్నింగ్ బొమ్మలు, 2024 ఎన్నికలప్పుడు పార్టీల వీడియోలు. అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చాక అల్లరి సద్దుమణిగింది. అప్పట్నుంచి అది నోటీసు బోర్డు. ఎవరు చూశారో ఇన్ఫోలో కనబడుతుంది, ఎవరికి అర్థమైందో కనబడదు. పైగా మామూలు గ్రూపులో ప్రతి తల్లి నంబరూ ఊరందరికీ కనబడుతుంది, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. 2022 చివర్లో వచ్చిన వాట్సాప్ కమ్యూనిటీల్లో అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడితే ముక్కూమొహం తెలియనివాళ్లకు ఆ నంబర్లు కనబడవు. గ్రూపు తప్పనిసరైతే అలా పెట్టుకోండి.

మా వైపు అసలు సంగతి సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం. దసరా దాటాక పత్తి తీయడానికి, సంక్రాంతి పోయాక మిరపకాయలు కోయడానికి కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు పల్లెల నుంచి బండ్లకు బండ్లు జనం గుంటూరు వైపు, తెలంగాణ వైపు పోతారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వ దగ్గరో సీజనల్ హాస్టల్లోనో వదిలిపోతారు. చాలామంది ఉగాదికి గానీ తిరిగి రారు. అన్నాళ్లూ ఆ అమ్మానాయనలతో మాట్లాడాలంటే ఫోనే దిక్కు. రాసి పంపితే చదవలేరు. పగలు ఫోన్ చేస్తే చేలో ఉంటారు. వాయిస్ మెసేజ్ అయితే రాత్రి గుడిసె కాడ అన్నం వండుకుంటూ వింటారు, అర్థం కాకపోతే మళ్లీ వింటారు.

నేను పంపేది అర నిమిషం. "అమ్మా, మీవాడు ఈ వారం దినామూ బడికొచ్చినాడు. లెక్కల్లో కొంచెం ఎనకబడినాడు. ఫోన్ చేసినప్పుడు ఎక్కాలు అడగండి." పుస్తకాల భాషలో చెప్తే జవాబు రాదు, రచ్చకట్ట కాడ మాట్లాడినట్టు మాట్లాడితే వస్తుంది. వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, మావోడు అన్నం బాగ తింటాండాడా?" చదువు ఊసు ఆ తర్వాతే. అందుకని ఇప్పుడు నా వాయిస్ తిండి సంగతితోనే మొదలవుతుంది. ఒక్కోసారి పిల్లాడి చేతే వేమన పద్యం చెప్పించి పంపుతాను. అవతలి నుంచి వచ్చే నవ్వులు వింటే నెలకో పేరెంట్స్ మీటింగ్ పెట్టినదానికంటే ఎక్కువ పని జరిగిందనిపిస్తుంది.

మరి అర స్టారు ఎందుకు కోశానంటే, రీఛార్జ్ అయిపోతే ఒకే టిక్కు పడి అక్కడే ఆగుతుంది. 2024 జూలైలో టారిఫ్‌లు పెరిగాక ఇది మరీ ఎక్కువైంది. పోయిన చోట కొత్త సిమ్ వేసుకుంటే పాత నంబరు పోయినట్టే. అందుకని గుంపును తీసుకుపోయే మేస్త్రీ నంబరు రాసిపెట్టుకుంటాను, ఆయన ఫోను మాత్రం ఎప్పుడూ మోగుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకుంటే ఒకే వాయిస్ అందరికీ విడివిడిగా పోతుంది. కాకపోతే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది.

మన మిత్ర గురించి ఒక్క మాట. ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన వాట్సాప్ సేవ ఇది. ఆ ఏడాది పదో తరగతి హాల్ టికెట్లు, ఏప్రిల్ 23న ఫలితాలు అందులో కూడా వచ్చాయి. నెట్ సెంటర్ ముందు నిలబడే పని తప్పింది.

ఇక టీచర్లుగా మన చదువు సంగతి. 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ ఆధారంగా కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు నాకు ఎక్కువగా ఆసరా అయింది పక్క మండలాల ఫిజికల్ సైన్స్ వాళ్లం పెట్టుకున్న చిన్న గ్రూపు. పది పన్నెండు మందిమి, అందరం ముఖాముఖి తెలిసినవాళ్లమే. కాంతి పాఠానికి బళ్లో కుంభాకార కటకాలు చాల్లేదని ఒకరంటే, ఇంకో సార్ నిటారుగా ఉన్న గాజు గ్లాసులో నీళ్లు పోసి, వెనకాల బాణం గీసిన కాగితం పెట్టి వీడియో పంపారు. కాగితాన్ని దూరం జరిపితే కుడివైపు బాణం ఎడమకు తిరిగింది. మా క్లాసులో అదే చేస్తుంటే ఒక పిల్ల లేచి బాణాన్ని నిలువుగా పెట్టింది. అది తిరగలేదు! గ్రూపులో అడిగాను. గ్లాసుకు చుట్టూతా వంపు ఉంది గానీ కిందనుంచి పైకి తిన్నగా ఉంది, వంపున్న దిశలోనే కిరణాలు దగ్గరికొచ్చి దాటుకుంటాయని ఒక మేడం కాగితం మీద బొమ్మ గీసి ఫోటో పెట్టారు. ఆ రాత్రంతా దాని మీదే మాటలు. ఐదు స్టార్లూ దీనికే.

జిల్లా స్థాయి గ్రూపుల్లో ఇలాంటి చర్చ నేను చూడలేదు. వాట్సాప్ గ్రూపులో ఉండగలిగే జనం పరిమితి 256 నుంచి 1,024కు పెరిగింది, గ్రూపులూ అలాగే ఉబ్బాయి. డీఏ, పీఆర్సీ, సీనియారిటీ లిస్టు, వెబ్ ఆప్షన్లు, ఎంతసేపూ జీతాలు, బదిలీల మాటలే. బదిలీల సీజన్లో పాఠం మీద ప్రశ్న వేస్తే "కౌన్సెలింగ్ ఎప్పుడంట సార్?" అని జవాబొస్తుంది. జీవోలు తొందరగా తెలుస్తాయి కాబట్టి మ్యూట్‌లో పెట్టి ఉంచాను.

టెలిగ్రామ్ మాటలకు కాదు, దాచుకోవడానికి. ఒక్కో ఫైలు 2 జీబీ దాకా పెట్టొచ్చు, ఫోన్ మారినా పోదు. పాత ప్రశ్నపత్రాలు, ప్రయోగాల వీడియోలు అన్నీ నా సొంత చానెల్లో ఉన్నాయి. పరీక్షలప్పుడు "పేపర్ లీక్" అంటూ డబ్బులడిగే చానెళ్లు పుట్టుకొస్తాయి, పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. ఫేస్‌బుక్ ఇప్పుడు రిటైరైన సార్ల పుట్టినరోజులకు తప్ప తెరవను.

పిల్లల ఫోటోలు పబ్లిక్‌గా పెట్టడం నేను మానేశాను. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం లెక్కన 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. చట్టం మాట అటుంచితే, ఎండలో మిరపకాయలు కోసే తల్లికి తన కూతురి ఫోటో ఎక్కడెక్కడ తిరుగుతోందో ఎలా తెలుస్తుంది? ఆమె పిల్ల ఫోటో ఆమెకే పంపుతాను.

కొత్తగా చేరిన టీచర్లు ఏం చేయాలని అడుగుతుంటారు. జూన్‌లో అడ్మిషన్లప్పుడు నంబరు రాసుకుని ఊరుకోకండి. అమ్మ ఫోన్లో మీ నంబరు సేవ్ చేయించి, ఆమె ముందే ఒక వాయిస్ పంపి, ఎక్కడ నొక్కితే వినబడుతుందో చూపించి, ఆమె చేత జవాబు కూడా చెప్పించి పంపండి.