సూర్యాపేటలో 50 రూపాయల ఎంసెట్ మాక్ టెస్ట్: మా అమ్మాయి 9 సార్లు రాశాక

పేరు మార్చి ఎప్‌సెట్ అన్నా మా ఇంట్లో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటాం. ఇక్కడా అలాగే రాస్తున్నాను.

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా అమ్మాయి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం ఎంపీసీ చదివింది. ఈ రివ్యూ మా వీధి చివర ఉన్న నెట్ సెంటర్ గురించి. బోర్డు మీద దానికో పేరంటూ లేదు. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు అని మాత్రం రాసి ఉంటుంది. ఏప్రిల్ రాగానే షట్టర్‌కు ఒక అట్టముక్క వేలాడదీస్తారు: "ఎంసెట్ మాక్ టెస్ట్, 3 గంటలు, 50 రూపాయలు." రేషన్ కార్డు పనికి వెళ్లినప్పుడు అది నా కంట పడింది.

అప్పటికే అమ్మాయిని ఒక కోచింగ్ సెంటర్‌లో షార్ట్ టర్మ్‌కు చేర్పించాం. 45 రోజులకు 14,000 కట్టాను. లావుపాటి పుస్తకాలు తొమ్మిది ఇచ్చారు. రోజూ పాఠాలే పాఠాలు. ఆదివారం ఆదివారం టెస్ట్ పెట్టేవాళ్లు, కానీ కాగితం మీద, గళ్లు దిద్దే పద్ధతిలో. ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. అమ్మాయికి ఫోన్ తెలుసు గానీ మౌస్ పట్టుకుని మూడు గంటలు కూర్చున్నది ఎప్పుడూ లేదు. నాకు టెన్షన్ పట్టుకున్నది అక్కడే.

నెట్ సెంటర్ నడిపే అబ్బాయి బీటెక్ చదివాడు. పరీక్ష నడిపే కన్వీనర్ వెబ్‌సైట్‌లో అధికారికంగా ఒక మాక్ టెస్ట్ ఉంటుంది, అది ఉచితం. మొదట దాన్ని రాయించి బటన్లు అలవాటు చేస్తాడు. ఆ తర్వాత పాత ఏళ్ల పేపర్లు. ఎంసెట్ ఒక్కరోజులో, ఒక్క పేపర్‌తో అయిపోయేది కాదు, రోజుకు రెండు సెషన్ల చొప్పున కొన్ని రోజులు నడుస్తుంది. అందుకని ఒక్క ఏడాదికే చాలా పేపర్లు దొరుకుతాయి. వాటిని అసలు పరీక్ష తెర ఎలా ఉంటుందో అలాగే కంప్యూటర్‌లో పెట్టుకున్నాడు.

మొదటి టెస్ట్ ఉదయం 10 గంటలకు. నేను కూడా వెళ్లి వెనకాల స్టూల్ మీద కూర్చున్నాను. ఆ అబ్బాయి అమ్మాయికి ఏమీ చెప్పలేదు. అరగంటకోసారి లేచి వచ్చి, ఆమె ఎన్నో ప్రశ్న దగ్గర ఉందో చూసి, జిరాక్స్ కాగితం చింపిన చీటీ మీద రాసుకుని వెళ్లిపోయేవాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒంటిగంటకు ఆ చీటీ అమ్మాయి చేతిలో పెట్టాడు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది:

10.30 – 16
11.00 – 33
11.30 – 47
12.00 – 62
12.30 – 80
1.00 – 97

పక్కన ఎర్ర పెన్నుతో "38 దగ్గర 9 ని." అని ఉంది.

ఎంసెట్ పేపర్ సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మొత్తం 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. తెర మీద మొదట మాథ్స్ 80, తర్వాత ఫిజిక్స్ 40, చివర కెమిస్ట్రీ 40. అమ్మాయి ఒకటో ప్రశ్నతో మొదలుపెట్టి వరసగా చేసుకుంటూ పోయింది. మాథ్స్ అయ్యేసరికి రెండున్నర గంటలు పోయాయి. ఫిజిక్స్‌లో 17 చేసేసరికి టైం అయిపోయింది. కెమిస్ట్రీ తెరవనే లేదు. మా అమ్మాయికి ఇంటర్‌లో అన్నిటికన్నా బాగా వచ్చేది కెమిస్ట్రీ.

చేసిన 97లో 51 కరెక్ట్. ఆ 38వ ప్రశ్న నిశ్చిత సమాకలని (డెఫినిట్ ఇంటిగ్రల్). తొమ్మిది నిమిషాలు దాంతో కుస్తీ పట్టింది. జవాబు కరెక్టే వచ్చింది. ఆ సంగతి తెలిసి అమ్మాయి మొహం వెలిగింది. ఆ అబ్బాయి మాత్రం నెమ్మదిగా అన్నాడు, "చెల్లెమ్మా, దానికీ ఒక్క మార్కే. ఈ తొమ్మిది నిమిషాల్లో కెమిస్ట్రీలో పది చేసేదానివి." తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, పాపకు సబ్జెక్టు వస్తుంది. టైం ఎక్కడ కారిపోతుందో తెలియట్లేదు, అంతే" అన్నాడు. 14,000 కట్టిన చోట 30 రోజుల్లో ఒక్కరూ నాకు ఈ మాట చెప్పలేదు.

ఇంకొకటి కూడా చూపించాడు. 63 ప్రశ్నలు ఖాళీగా వదిలేసింది. ఎంసెట్‌లో నెగటివ్ మార్కులు లేవు. నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి నొక్కేసినా సగటున పదిహేను దాకా కలిసొచ్చేవి. ఈ నియమం అమ్మాయికి తెలియక కాదు. చివరికి వచ్చేసరికి నొక్కడానికి కూడా నిమిషం మిగల్లేదు.

రెండో టెస్ట్‌కు వరస తిరగేసింది. ముందు కెమిస్ట్రీకి అరగంట, తర్వాత ఫిజిక్స్‌కు ముప్పావు గంట, మాథ్స్‌కు 100 నిమిషాలు, ఆఖరి 5 నిమిషాలు మిగిలినవన్నీ నొక్కడానికి. కెమిస్ట్రీకి అరగంట చాలలేదు, 34 నిమిషాలు పట్టింది. అయినా మార్కులు 64కి వచ్చాయి. కొత్తగా ఒక్క పాఠం చదవలేదు, వరస మార్చింది, అంతే.

మూడో టెస్ట్‌లో మళ్లీ తగ్గాయి. కారణం వెతికితే ఆరు జవాబులు అసలు నమోదే కాలేదు. ఆప్షన్ నొక్కి, 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కకుండా పక్కనున్న ప్రశ్నల పట్టికలో ఇంకో నంబర్ మీద నొక్కింది. అలా వెళ్తే నొక్కిన జవాబు సేవ్ కాదు. సేవ్ అయిన ప్రశ్న నంబర్ ఆకుపచ్చగా మారుతుంది, చూసి వదిలేసింది ఎర్రగా ఉంటుంది, మళ్లీ చూద్దామని మార్క్ చేసింది ఊదారంగులో ఉంటుంది. కాగితం మీద ఎన్ని టెస్టులు రాసినా ఈ తప్పు బయటపడదు. అసలు పరీక్షలో జరిగి ఉంటే ఆరు మార్కులు ఎందుకు పోయాయో మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. పిల్లల్ని కంప్యూటర్ ముందు కనీసం మూడుసార్లు కూర్చోబెట్టకుండా ఎంసెట్‌కు పంపొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

నాలుగో టెస్ట్ నుంచి మాథ్స్‌ను రెండు చుట్లుగా చేయడం నేర్చుకుంది. మొదటి చుట్టులో చూడగానే దారి దొరికేవి: మాత్రికలు, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యతలో చిన్నవి. నిమిషంన్నర దాటినా దారి దొరకకపోతే మార్క్ చేసి ముందుకు పోవాలి. రెండో చుట్టులో మిగిలినవి. కొన్ని లెక్కలకు మొత్తం చేయనక్కర్లేదు, ఆప్షన్లనే తెచ్చి సమీకరణంలో పెట్టి చూస్తే తేలిపోతుంది. ఇది అమ్మాయికి ఇష్టం ఉండేది కాదు. "అట్లా చేస్తే లెక్క చేసినట్టు కాదమ్మా" అనేది. వాళ్ల కాలేజీ లెక్కల సార్ ఆమెకు పద్ధతిగా, మెట్టు మెట్టుగా నేర్పారు. అది మంచి చదువే. కానీ ఇంటర్ పరీక్షలో మెట్లకు మార్కులుంటాయి, ఇక్కడ ఉండవు. ఆ తేడా మనసుకు పట్టించుకోవడానికి ఆమెకు రెండు వారాలు పట్టింది.

తెలంగాణలో ఇప్పుడు ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ లేదు. ఏడాదంతా చదివిందీ ఆ మూడు గంటల్లోనే తేలాలి. మా అక్క వాళ్లది తిరువూరు, ఆంధ్ర. వాళ్ల అబ్బాయికి అక్కడ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. పేపర్ తీరు మాత్రం రెండు చోట్లా అదే, 160 ప్రశ్నలు. ఈ చీటీ పద్ధతి వాడికీ ఫోన్‌లో చెప్పాం. అక్క గడియారం పెట్టుకుని పక్కన కూర్చుంది.

తప్పు పోయిన ప్రశ్నలను పేజీకి 2 రూపాయల చొప్పున ప్రింట్ తీసి ఇస్తాడు. అమ్మాయి వాటి మీద మూడు గుర్తులు వేసుకునేది: తెలియక పోయినవి, తొందరలో పోయినవి, టైం లేక గుడ్డిగా నొక్కినవి. తెలియక పోయినవి మాత్రం తీసుకుని తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ పాఠం మళ్లీ చదివేది. కోచింగ్ వాళ్లిచ్చిన తొమ్మిది పుస్తకాల్లో ఏడు తెరవనే లేదు. తెరవనందుకు నష్టమేమీ కనిపించలేదు.

ఇక ఇబ్బందులు. మొదటిది, అక్కడ లెక్కలు విడమరిచి చెప్పరు. ఏది తప్పో చెబుతారు, ఎందుకు తప్పో మనమే తెలుసుకోవాలి. మా అమ్మాయి కాలేజీ సార్ దగ్గరికి వెళ్లి అడిగి వచ్చేది. సిలబస్ ఒక్కసారైనా పూర్తికాని పిల్లలు ఇక్కడికి వచ్చి ప్రయోజనం లేదు, మార్కులు చూసి భయపడటం తప్ప.

రెండోది కరెంటు. ఉన్న ఆరు కంప్యూటర్లలో రెండింటికే ఇన్వర్టర్ ఉంది. ఐదో టెస్ట్‌లో 90 ప్రశ్నలు చేశాక కరెంటు పోయి అంతా పోయింది. అమ్మాయి ఏడ్చేసింది. అతను డబ్బులు తీసుకోలేదు, మర్నాడు వేరే పేపర్ ఉచితంగా పెట్టాడు, అప్పటి నుంచి ఆ రెండింటిలో ఒకటి మాకు ఆపి ఉంచేవాడు. అయినా ఆ రోజంతా అమ్మాయి ఇంట్లో అన్నం ముట్టలేదు.

మూడోది, ఆడపిల్లలకు బాత్‌రూమ్ లేదు. మూడు గంటలు కూర్చోవాల్సిన చోట ఇది చిన్న విషయం కాదు. మా ఇల్లు దగ్గర కాబట్టి సరిపోయింది, దూరం నుంచి వచ్చే అమ్మాయిలు ఏం చేస్తారు? ఈ మాట అతనితోనే అన్నాను. పక్క మెడికల్ షాపు వాళ్లను అడుగుతానన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలకు నడుం నొప్పి వస్తుంది, ఇంటి నుంచి దిండు పట్టుకెళ్లండి.

మెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పక్కింటి అబ్బాయి నీట్‌కు చదువుతున్నాడు. మా అమ్మాయిని చూసి తనూ వచ్చాడు. నెట్ సెంటర్ అబ్బాయి వద్దన్నాడు. "తమ్ముడూ, నీది ఓఎంఆర్ షీటు, పెన్నుతో రాసేది. పైగా తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు. ఇక్కడ గుడ్డిగా నొక్కడం అలవాటైతే అక్కడ మునుగుతావు" అని పంపించేశాడు. వచ్చే 50 రూపాయలు వదులుకుని పిల్లాడికి సరైన మాట చెప్పాడు. నాకు అతని మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

హాల్ టికెట్ వచ్చాక చూస్తే అమ్మాయికి మధ్యాహ్నం సెషన్, 3 నుంచి 6 వరకు, కోదాడలో. చివరి రెండు మాక్ టెస్టులు సరిగ్గా అదే టైంకు పెట్టాడు. మే ఎండలో అన్నం తిని మూడింటికి కూర్చుంటే నాలుగున్నరకు కళ్లు మూతలు పడుతున్నాయని అప్పుడే తెలిసింది. పరీక్ష రోజు అన్నం మానేసి రెండు ఇడ్లీలు, మజ్జిగతో పంపించాను. ఆ వారంలోనే మా మరిది కూతురి పెళ్లి. అందరూ గోరింటాకు పెట్టుకుంటుంటే అమ్మాయి చేతులు ముడుచుకుని కూర్చుంది. లోపలికి పంపేటప్పుడు వేలిముద్రలు తీసుకుంటారు, గోరింటాకు పెట్టుకోవద్దని సూచనల్లోనే ఉంది. హాల్ టికెట్ ప్రింట్ ఇస్తూ ఆ లైను కింద గీత గీసి చూపించింది కూడా ఆ అబ్బాయే. నిమిషం ఆలస్యమైనా రానివ్వరు కాబట్టి 45 కిలోమీటర్లకు పొద్దున 11కే బస్సెక్కాం.

కీ వచ్చాక రెస్పాన్స్ షీట్‌తో, అంటే అమ్మాయి నొక్కిన జవాబుల పట్టికతో, సరిచూసుకుంటే 86 వచ్చాయి. మొదటి మాక్‌లో 51. కంప్యూటర్ సైన్స్ అనుకున్నాం, అది రాలేదు. కన్వీనర్ కోటాలో ఎలక్ట్రికల్ వచ్చింది, అమ్మాయికి ఇష్టమే, హాస్టల్లో చేరింది. 9 టెస్టులకు, ప్రింట్లకు కలిపి మాకు అయింది 600 లోపే.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు రోజే చెప్పి కంప్యూటర్ ఆపించుకోండి. సాయంత్రం అప్లికేషన్ల రద్దీ ఎక్కువ, జిరాక్స్ మెషీన్ చప్పుడు కూడా, పొద్దున టైమే అడగండి. గోడ పక్క రెండింటికే ఇన్వర్టర్ ఉంది. మూడోదాని మౌస్ చక్రం తిరగదు, బొమ్మ ఉన్న ప్రశ్నలు కిందికి జరపడం కష్టమవుతుంది. టెస్ట్ అయ్యాక చీటీ అడిగి తీసుకోండి. రద్దీలో ఒక్కోసారి ఇవ్వడం మర్చిపోతాడు.