అప్పటికప్పుడు పోచంపల్లి: ఒక్క రోజులో ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి

రాత్రి పదింటికి గ్రూపులో "రేపు ఎటన్నా పోదామా" అని మొదలై తెల్లారేసరికి బండి కదిలే ప్రయాణాలకు హైదరాబాద్ చుట్టుపక్కల భూదాన్ పోచంపల్లిని మించిన ఊరు లేదు. ఎల్బీనగర్ నుంచి 40 కిలోమీటర్ల లోపే. ముందస్తు బుకింగులేమీ అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో దీన్ని చేర్చాక పేరు ఇంకా పెరిగింది. అయితే ఆ బిరుదు విని టూరిస్టుల కోసం తీర్చిదిద్దిన ఊరనుకుని వస్తే నిరాశే మిగులుతుంది. ఇది పని చేసుకునే ఊరు, ఇక్కత్ చీరలు నేసే ఊరు. మగ్గాలు ఆడే వేళకు వెళ్తే పూట ఎలా గడిచిందో తెలియదు. అవి ఆగిన వేళకు వెళ్తే గంటలో అంతా అయిపోయి చీరల షాపులే మిగులుతాయి.

అందుకే బయల్దేరే ముందు క్యాలెండర్ చూడండి. అమావాస్య నాడు మగ్గం ముట్టని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పండగలకు ముందూ వెనకా పని పలచబడుతుంది. సెలవు దొరికితే ఆదివారం కన్నా మామూలు పనిరోజే మేలు. గట్టి వానలు పడే వారాల్లో వెళ్లకండి. గుంట మగ్గాల గోతుల్లోకి నీరు ఊరుతుంది, అద్దిన పోగు ఆరదు, నేత సగానికి సగం ఆగిపోతుంది.

దారి సులువే. విజయవాడ హైవే మీద రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక కొత్తగూడెం క్రాస్‌రోడ్డు దగ్గర ఎడమకు తిరగాలి. మ్యాపులో ఉత్త "పోచంపల్లి" అని కొడితే అదే పేరున్న వేరే ఊరికి తీసుకెళ్లే ప్రమాదముంది, "భూదాన్" కూడా చేర్చండి. హైవే వదిలాక రోడ్డు రెండు వరసలే. వరి కోతల రోజుల్లో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. బైకు టైరు వడ్ల మీదికి ఎక్కిందంటే జారినట్టే. ఆ రాళ్లు చీకట్లో కనిపించవు. బైకుల మీద వచ్చినవాళ్లు పొద్దు గుంకక ముందే హైవే ఎక్కాలి.

బస్సులో రావాలంటే నగరం నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్టే, అసలు కార్డు మాత్రం చేతిలో ఉండాలి. బస్సుతో చిక్కేమిటంటే ఊరు చూశాక చుట్టుపక్కల నేత ఊళ్లయిన పుట్టపాకకో కొయ్యలగూడేనికో పోవడం కష్టం. నలుగురైదుగురు ఉంటే కారే నయం.

తొమ్మిదింటికల్లా ఊళ్లో ఉండాలి. అద్దకం పొద్దున్నే మొదలుపెడతారు, పోగు ఎండకు ఆరాలి కదా. పడుగు (నిలువు పోగులు) సాగదీసే పని వీధిలో కనిపించేది కూడా ఎండ ముదరక ముందే. పదకొండు దాటాక వచ్చినవాళ్లకు కనిపించేది మగ్గం ఒక్కటే, అసలు కథంతా అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది. ఇక్కత్‌లో డిజైను మగ్గం మీద పుట్టదు, పోగు మీదే పుడుతుంది. కాబట్టి చూసే వరస ఇలా పెట్టుకోండి: ఆసు, చిటికి, అద్దకం, చివర మగ్గం.

ఆసు అంటే పేక (అడ్డపోగు) దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ వరసగా తిప్పి పోయడం. చేత్తో చేస్తే ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే, భుజాలు పడిపోతాయి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి కష్టం చూసి 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఈ బాధ తప్పించింది, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఆడుతున్న ఇల్లు దొరికితే తప్పకుండా చూడండి. పది నిమిషాలు చాలు.

తర్వాత చిటికి. గ్రాఫు కాగితం మీది డిజైను ప్రకారం పోగు కట్టల మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పీలికలతో బిగించి కడతారు. సైకిల్ ట్యూబు కోసిన పీలికలే ఎక్కువ. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, ప్రతి రంగుకూ మళ్లీ కట్టడం, విప్పడం. ముడి వదులైతే రంగు లోపలికి పాకి గీత చెదురుతుంది. పడుగు ఒక్కటో పేక ఒక్కటో చిటికి కడితే సింగిల్ ఇక్కత్, రెండూ కడితే డబుల్. డబుల్ ఇక్కత్‌లో రెండు డిజైన్లు మగ్గం మీద కచ్చితంగా కలవాలి. నేతగాడు ప్రతి పోటుకూ అంచు దగ్గర దారాన్ని వెంట్రుకవాసి లాగి సరిచేయడం దగ్గర నిలబడి చూస్తేనే ధర ఎందుకంతో అర్థమవుతుంది.

మగ్గం ఉన్న గదులు ఇరుకు. ఆరుగురు ఒకేసారి దూరకండి, ఇద్దరు ముగ్గురుగా వెళ్లండి. చెప్పులు బయట వదలాలి, పడుగు మీద చెయ్యి వేయకూడదు, గోతి అంచున నిలబడకూడదు. ఫోటోకు అడగాలి. కొత్త డిజైను బయటికి పోతే వారంలో పవర్‌లూమ్ మీదికి ఎక్కుతుందన్న భయం ఉత్తుత్తిది కాదు.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు: మగ్గం మీది చీరకు బేరమాడతారు. నేసేవాళ్లలో చాలామంది మాస్టర్ వీవర్ ఇచ్చిన పట్టు మీద కూలికి నేస్తారు. ఆ చీర వాళ్లది కాదు, అమ్మే హక్కూ ఉండదు. అడిగి ఇబ్బంది పెట్టడం తప్ప ఫలితముండదు. సొంతంగా నేసి అమ్మే ఇళ్లు వేరుగా ఉన్నాయి, అడిగితే ఊళ్లోవాళ్లే చూపిస్తారు.

కొనాలంటే చేనేత సహకార సంఘం, మెయిన్ రోడ్డు షాపులు, నేత ఇళ్లు ఉన్నాయి. సంఘంలో ధర ఖరారు, రకాలు తక్కువ, మోసం భయం లేదు. షాపుల్లో రకాలు ఎక్కువ, బేరం ఉంటుంది, అన్నీ ఇక్కత్తే కావు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లయినా, పోచంపల్లి బోర్డు కింద ప్రింటు చీర అమ్మడం ఆగలేదు. వెనక్కి తిప్పి చూడండి. వెనకవైపు రంగు వెలిసినట్టుంటే ప్రింటే. అసలు ఇక్కత్‌లో రంగు రెండువైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచు గీత గీసినట్టు కాకుండా కాస్త పాకినట్టుంటుంది. సిల్క్ మార్క్ ఉంటే చాలనుకోకండి. అది పోగు పట్టేనని చెబుతుంది, చేత్తో నేశారని చెప్పదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ చూడాలి. అనుమానముంటే కొంగు కుచ్చులోంచి ఒక పోగు అడిగి కాల్చండి: పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది, పాలిస్టర్ గట్టి ఉండ కడుతుంది. రంగు పోతుందేమో తడి తెల్ల రుమాలుతో మూల రుద్ది చూడొచ్చు. పట్టు డబుల్ ఇక్కత్ అంటూ రెండు మూడు వేలకు ఇస్తానంటే పరీక్షలు కూడా అనవసరం, వచ్చేయండి.

మ్యూజియం, వినోబా మందిరం కలిపి గంట చాలు. 1951 ఏప్రిల్ 18న ఊళ్లోని దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా ఇక్కడ మొదలైంది. ఆ సంగతి తెలియకుండా మందిరం చూస్తే ఖాళీ గదిలా ఉంటుంది. మ్యూజియం పర్యాటక శాఖ కట్టిన సముదాయంలో ఉంది. తెరిచి ఉంటే చూడండి, దాన్నే నమ్ముకుని మాత్రం రావద్దు. నూటొక్క దర్వాజల ఇల్లు బయటి నుంచి ఫోటోకు బాగుంటుంది.

తిండి ఈ ఊరి బలం కాదు. టిఫిన్ సెంటర్లు, చిన్న మెస్‌లు ఉన్నాయి. ఎనిమిది మంది ఒకేసారి వెళ్తే కూర చాలదు, పదకొండింటికే చెప్పి పెట్టండి. లేదా డబ్బాలు కట్టుకొచ్చి చెరువు వైపు తినండి, చెత్త వెనక్కి తీసుకెళ్లండి. ఇక కల్లు. ఈ జిల్లాకు వచ్చిన దోస్తులు ఆ మాట ఎత్తకుండా ఉండరు. తాగితే చెట్టు దగ్గర అప్పుడే దించింది తప్ప సీసాల్లో అమ్మేది వద్దు, మత్తుమందు కలిపిన కల్లు తెలంగాణలో ప్రాణాలు తీసింది. బండి నడిపేవాళ్లు అదీ ముట్టకూడదు.

రాత్రి ఉండడానికి పర్యాటక సముదాయంలో వసతి కట్టారు కానీ అప్పటికప్పుడు వచ్చినవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఉండాల్సి వస్తే యాదగిరిగుట్టలో హరిత హోటల్, లాడ్జీలు నయం. అలాగని అదే రోజు గుట్ట దర్శనం, భువనగిరి కోట కూడా కలపకండి. కోట ఏకశిల, నడి మధ్యాహ్నం ఎక్కితే బండ కాలుతుంది. వారాంతంలో గుట్ట క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. సగం పూట మిగిలితే తేలియా రుమాలు నేసే పుట్టపాక వెళ్లండి. నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించిన నూలు వాసనే వేరు, ఆ రుమాళ్లకు 2020లో విడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుప్పట్లు, కాటన్ బట్ట కావాలంటే హైవే మీది కొయ్యలగూడెం చాలు.

ఆదివారం సాయంత్రం విజయవాడ హైవే మీద నగరంలోకి వచ్చే బండ్లు బారులు కడతాయి. నాలుగున్నరకు ముందు కదలలేకపోతే బీబీనగర్ మీదుగా వరంగల్ హైవే ఎక్కండి. ఉప్పల్ దగ్గర కాస్త నిలబడినా హయత్‌నగర్ రద్దీ తప్పుతుంది.