జనరల్ బజార్ సందులో 1890ల నాటి స్కర్టు

పాతకాలపు పాశ్చాత్య నమూనాలో స్కర్టు కుట్టించుకోదలచిన వారికి హైదరాబాదులో ఖరీదైన బొటిక్‌ల కంటే, సికింద్రాబాద్ జనరల్ బజార్ సందుల్లో ఏళ్ల తరబడి లంగాలు, గాగ్రాలు కుడుతున్న చిన్న దుకాణాలే మేలని నా అభిప్రాయం. నేను వెళ్లినది అలాంటి దుకాణమే. నాకు కావలసినది 1890లలో ఐరోపా స్త్రీలు ధరించిన ఆరు పలకల, అంటే ఆరు నిలువు బట్ట ముక్కలు కలిపి కుట్టిన స్కర్టు. అందులో ముందు పలక నడుము దగ్గర ముడత లేకుండా సాఫీగా ఉంటుంది, పక్క పలకలు కిందికి దిగుతున్నకొద్దీ వెడల్పవుతాయి, కుచ్చులన్నీ వెనక్కి చేరతాయి. కాగితం మీద గీసి చూపగానే మాస్టర్ గారు, “ఇది మన ఆరు కలీల లంగనే గదమ్మా, ముంగటి కుచ్చులు తీసి ఎన్కకు పెడితె అయిపాయె” అన్నారు. ఆయన అన్నది నిజమే. చీర లోపల కట్టుకునే లంగా కూడా పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే పలకలను కలిపి కుట్టేదే కనుక, ఆ కోత ఆయన చేతికి ఎప్పుడో అలవాటైపోయింది.

నేను తీసుకువెళ్లినది నిజాం అంచున్న మంగళగిరి నేత బట్ట, నాలుగు మీటర్లు. కత్తిరించే ముందు దానిని నీళ్లలో నానబెట్టి ఆరవేయించడం, తిన్నటి అంచు వంపు తిరిగే కింది భాగానికి నప్పదని చెప్పి దానిని వేరు చేసి నడుము పట్టీకి వాడడం, రెండూ ఆయన ఆలోచనలే. ఆ కాలపు స్కర్టులలో అంచు నేలకు రాసుకుని చిరగకుండా లోపలి వైపు గట్టి పట్టీ కుట్టేవారు. దానికి బదులు ఆయన చీర ఫాల్‌ను వంపుకు తగినట్లు చిన్న చిన్న మడతలు పెట్టి, పైకి దారం కనిపించకుండా చేతితో కుట్టించారు. ఈ ఒక్క పనికే ఆ దుకాణానికి మళ్లీ వెళ్లవచ్చు. రోజువారీ వాడకం కోసం కుడి కుట్టులో జేబు అడిగితే, ఫోను పెట్టినా బట్ట లాగకుండా దాని పై కొసను నడుము పట్టీలోకి కలిపి కుట్టారు.

లోపాలు లేకపోలేదు. ఏటవాలుగా కోసిన పలకలు తమ బరువుకు సాగుతాయి కాబట్టి స్కర్టును కనీసం ఒక రాత్రి వేలాడదీసిన తరువాతే అంచు మడవాలి. తొందరలో అలా చేయకపోవడం వల్ల ఎడమ పక్క అర అంగుళం దిగింది. చెప్పగానే విప్పి సరిచేశారు, డబ్బు అడగలేదు. పట్టీ గట్టిగా నిలవడానికి లోపల వేసిన బక్రం బట్ట మరీ మందం, కూర్చుంటే నడుముకు గుచ్చుకుంటుంది. హుక్కులు అడిగితే జిప్ వేశారు. దుస్తులలో జిప్ వాడకం 1930లలో గాని పెరగలేదు కాబట్టి, వేదిక మీద ఆ కాలానికి నిక్కచ్చిగా ఉండాలనుకునేవారు ఈ విషయం రాయించి మరీ ఇవ్వాలి. ఆఫీసుకు వేసుకునే నాకు అది ఇబ్బంది కాలేదు.

కుట్టుకూలి 900 రూపాయలు, లైనింగ్ అదనం. పూర్తి వలయాకారపు స్కర్టు మాత్రం ఇక్కడ ఇవ్వమని చెప్పను. దాని అంచు ఏటవాలుగా పడిన చోట్ల సాగి హెచ్చుతగ్గులవుతుంది, ఈ తొందరకు అది నిలవదు. బతుకమ్మ, దసరా రోజుల్లో గాగ్రాల గిరాకీ ఎక్కువ కనుక బట్ట నెల ముందే ఇచ్చి, తేదీని రసీదు మీద రాయించుకోండి.