బెలూనా, దువ్వెనా? రుద్దితే వస్తువుల మీద చేరే స్థిర విద్యుత్తును పిల్లలకు చూపించడానికి ఏది మేలు?

నాలుగైదేళ్ల పిల్లలకైతే దువ్వెనే మేలంటాను. బెలూన్ చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, ఊదడం, ముడి వేయడం అంతా మనమే చేయాలి. పైగా అది పగిలితే ఆ రబ్బరు ముక్కను పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. గొంతుకు అడ్డం పడిందంటే ప్రాణం మీదికి వస్తుంది.

దువ్వెనతో ఆ భయం లేదు. ప్లాస్టిక్‌దే తీసుకోండి, చెక్కదీ లోహపుదీ పనికిరావు. పాత పేపరును గోరంత ముక్కలుగా చింపే పని కూడా పిల్లలకే ఇవ్వండి. పొడి జుట్టును గబగబా దువ్వి, దువ్వెనను ముక్కల మీదికి తెస్తే అవి లేచి నిలబడి టక్కున అతుక్కుంటాయి. చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు తమాషా ఆ తర్వాతే! కదపకుండా పట్టుకుని చూస్తుంటే కొన్ని ముక్కలు ఉన్నట్టుండి ఎగిరి అవతల పడతాయి. దువ్వెన మీది విద్యుదావేశం కొంత వాటికీ అంటుతుంది, ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. "ఇందాక లాక్కుంది కదా, ఇప్పుడెందుకు తోసేసింది?" అని పిల్లలు అడిగేదాకా మీరు చెప్పకండి.

నల్లా సన్నగా తిప్పి దువ్వెనను ధార పక్కన పెడితే నీళ్లు దానివైపు వంగుతాయి. దువ్వెన తడిస్తే మాత్రం తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి.

బెలూన్‌ను తీసిపారేయనక్కర్లేదు. జుట్టుకు రుద్దిన రెండు బెలూన్లను దారాలతో పక్కపక్కన వేలాడదీస్తే అవి విడిపోయి దూరంగా నిలబడతాయి. ఇలా ఒకదాన్నొకటి నెట్టేసుకోవడం (వికర్షణ) ఇంత స్పష్టంగా దువ్వెనతో కనిపించదు. కాకపోతే అది ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు, పెద్దవాళ్లు పక్కనుంటేనే. ప్లాస్టిక్ స్ట్రాలు కూడా బాగా పనిచేసేవి కానీ, 2022 జులై 1 నుంచి వాటిపై దేశమంతటా నిషేధం ఉంది.

ఏది ఎంచుకున్నా హైదరాబాద్‌లో వానాకాలం మాత్రం వద్దు. గాలిలో తేమ ఉంటే ఆవేశం నిలవదు, పిల్లలు నిరాశపడతారు. డిసెంబరు నుంచి మార్చి దాకా పొడిగాలి ఉన్న రోజులు చూసుకోండి. కొబ్బరినూనె రాసిన తల కూడా పనికిరాదు, తలంటు పోసుకుని బాగా ఆరాక చేయించండి. "ఇదీ కరెంటే" అని ఊరుకోవద్దు. గోడమీది ప్లగ్గులో వేలు పెట్టకూడదని ఆట మొదలుపెట్టే ముందే గట్టిగా చెప్పండి.