గ్యాస్ డబ్బా ఉన్న షాకప్‌లు: రెండు వానాకాలాలు నడిపాక

నా క్వాడ్ బైకుకు వేసిన ఈ షాకప్‌ల (షాక్ అబ్జార్బర్ల) మీద నాకున్న కోపమంతా వాటి పక్కన బిగించి ఉన్న చిన్న నీలం డబ్బా మీదే. జానెడు కూడా ఉండదు. దాన్ని చూసే మోజుపడి కొన్నానని ఒప్పుకుంటాను. ముందు చక్రాలకు వేసే షాకప్‌ల జత ఆన్‌లైన్‌లో 6,800 రూపాయలు. అదే కొలతలో డబ్బా లేనివి 4,200కే ఉన్నాయి. ఆ రెండువేల ఆరువందలు దేనికి పెట్టానో తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

మాది నర్సంపేట వైపు. ఎనిమిదెకరాల్లో సగం మామిడి, సగం మిర్చి. మూతపడిన ఒక రిసార్టు దగ్గర 200 సీసీ క్వాడ్ బైకు, అంటే మోటార్ సైకిల్ హ్యాండిల్ ఉన్న నాలుగు చక్రాల బండి, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. మా ఊరి పిల్లలు దాన్ని కప్పబండి అంటారు. రోడ్డు మీదికి తీయడానికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పొలం దాటదు. రిపేరుకు వరంగల్ తీసుకుపోవాలంటే ట్రాలీ ఆటో మాట్లాడుకోవాల్సిందే. మందు డ్రమ్ము, మామిడి క్రేట్లు, కంచె కడీలు మోయడం దాని పని. గాల్లోకి ఎగిరించే సరదాలు నాకు లేవు, నా నడుముకు అసలే లేవు.

2023 జూన్‌లో బిగించాను. ఆ జూలై ఆఖర్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మా దగ్గర అంత పడకపోయినా బాటలన్నీ కోసుకుపోయాయి. ట్రాక్టరు దిగబడే చోట కూడా ఈ బండి మెత్తగా వెళ్లిపోతుంటే, "షాకప్ అంటే ఇదీ" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. మా బావమరిది నా మాట విని ఇంకో జత తెప్పించుకున్నాడు. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో పండగ పండక్కీ వస్తుంది.

చెడింది 2025 జనవరిలో. మిర్చికి మందు కొట్టే రోజు, వెనక క్యారియర్ మీద యాభై లీటర్ల డ్రమ్ము ఉంది. కాలువ గట్టు దిగుతుంటే ముందు ఎడమ చక్రం గుంతలో పడి లేచింది. లేచి ఊరుకోలేదు, ఊగుతూనే ఉంది. హ్యాండిల్ చేతిలో ఆగలేదు. బండి నిజంగానే కప్పలా రెండు గంతులేసి పక్క చేనులోకి పోయింది, డ్రమ్ము తాడు తెగి మందంతా కాలువ పాలైంది. దెబ్బలేమీ తగల్లేదు. దిగి చూస్తే షాకప్ రాడ్డు పొడవునా గీతలు, కింద నల్లటి ఆయిల్, దాని మీద మట్టి అట్టగట్టి ఉంది. ఎన్నాళ్లుగా కారుతోందో నేను గమనించలేదు. అది నా తప్పే.

వరంగల్లో నేను వెళ్లే లేత్ పెద్దాయనను అందరూ కాకా అనే పిలుస్తారు. కాకా దాన్ని వైసులో బిగించి, డబ్బా అడుగున చాలాసేపు వెతికాడు. నిజంగా నైట్రోజన్ గ్యాస్ నింపిన డబ్బా అయితే వాల్వ్ దగ్గర ముందు గ్యాస్ వదలాలి. అలాగే విప్పితే మూత ఎగిరి మొహానికి తగులుతుందట. రబ్బరు టోపీ పీకితే లోపల వాల్వ్ లేదు, పోతపోసిన బొడిపె ఉంది.

"ఇగ భయం లేదు" అని మూత తిప్పేశాడు. లోపల ఎండిపోయిన బావిలా ఉంది. ఆయిల్ చుక్క లేదు, పిస్టన్ లేదు. షాకప్‌కీ డబ్బాకీ మధ్య మెడలో సైకిల్ పుల్ల దూర్చాడు. అది అరంగుళం పోయి ఆగిపోయింది. అనుమానం తీరడానికి డబ్బాలో కాస్త డీజిల్ పోసి, టీ తెప్పించి, ఇద్దరం తాగాం. టీ అయ్యేసరికి కూడా డీజిల్ పోసింది పోసినట్టే ఉంది. అసలు రంధ్రమే వేయలేదు.

"ఇది గ్యాస్ డబ్బా గాదు కొడుకా, దిష్టిబొమ్మ. తీస్కపోయి చేన్ల నిలబెట్టు, పిట్టలన్న బెదురుతయ్."

నవ్వాను గానీ కడుపు మండింది. అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, వాపసు గడువు అయిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేశారు.

న్యాయంగా చెప్పాలంటే ఆయిల్ కారడానికీ డబ్బాకీ సంబంధం లేదు. రాడ్డు మీద క్రోమ్ పూత పలచన, బురదకు గీతలు పడ్డాయి, ఆ గీతలు ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలును తినేశాయి. అసలైన డబ్బా పని వేరే. షాకప్ అదేపనిగా ఆడుతుంటే లోపల గాలీ ఆయిలూ కలిసి నురగ అవుతుంది, నురగ అయితే పట్టు పోతుంది. డబ్బాలో తేలే పిస్టన్ గ్యాస్‌ను ఒకవైపు, ఆయిల్‌ను ఒకవైపు ఉంచి ఆ నురగ రాకుండా చూస్తుంది. గంటకు ఇరవై కిలోమీటర్లు దాటని నాకు నురగ వచ్చేంత పని ఎక్కడిది? నిజమైన డబ్బా ఉన్నా నాకు దండగే.

స్ప్రింగ్ సంగతి ఇంకా ఉంది. బండితో వచ్చిన పాతవి అటక మీద ఉంటే తెచ్చి పక్కన పెట్టాం. చుట్ల లెక్క ఒకటే, చుట్టు వెడల్పూ ఒకటే. తీగను వెర్నియర్ కొలబద్దతో కొలిస్తే పాతది 10 మిల్లీమీటర్లు, కొత్తది 9. ఒక్క మిల్లీమీటరే కదా అనుకున్నాను. కాకా తల అడ్డంగా ఊపాడు. తీగ మందం పదో వంతు తగ్గితే స్ప్రింగ్ బిగువు దాదాపు మూడో వంతు పోతుంది. మొదటి నెలలో నేను మెచ్చుకున్న మెత్తదనంలో కొంత ఇదన్నమాట.

ఇంకొంత గాలిది. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. షాకప్‌లు బిగించిన రోజే మెకానిక్ టైర్లలో గాలి తీసి 5 పీఎస్‌ఐకి తెచ్చాడు. నా టైర్లకు ఉండాల్సింది అంతే. అంతకుముందు మా ఊరి పంక్చర్ షాపు అబ్బాయి మోటార్ సైకిల్ లెక్కన ఇరవై అయిదు కొట్టేవాడు. పాపం, అతని మీటరు అయిదును సరిగ్గా చూపించదు కూడా. అంటే నేను ఊరంతా చెప్పిన గొప్పలో షాకప్ వాటా ఎంతో, ఖాళీ అయిన గాలి వాటా ఎంతో ఇప్పుడు విడదీయలేను. బావమరిదికి ఈ ముక్క ఇంకా చెప్పలేదు.

అదే పార్సిల్లో వచ్చిన బాల్ జాయింట్లు మాత్రం ఇప్పటికీ బాగానే ఉన్నాయి. ఏ-ఆర్మ్‌లకు (చక్రాన్ని బండికి కలిపే ఆర్మ్‌లు) వచ్చిన ప్లాస్టిక్ బుష్‌లు, అంటే కీలు దగ్గర దూర్చే గొట్టాలు, నాలుగు నెలలకే వదులై, చక్రం పట్టుకుని ఊపితే టకటకమన్నాయి. వాటి బదులు అప్పుడే కాకా గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు లేత్ మీద తిప్పి ఇచ్చాడు. లోపల గ్రీజు పారడానికి గాడి కోసి, ఆర్మ్‌కు గ్రీజు కొట్టే నిప్పిల్ పెట్టాడు. మొత్తం ఎనిమిదింటికి 1,600 తీసుకున్నాడు. ఈ బండి మీద నేను పెట్టిన డబ్బులో మనసారా సంతోషించింది ఈ ఒక్కదానికే. ఇన్ని నెలల బురదలోనూ వెంట్రుకవాసి ఆట రాలేదు. కాకపోతే వారానికోసారి గ్రీజు గన్ పట్టాలి. ఒక్క వారం మరిచామా, బండి ముసలి తలుపులా కిర్రుమంటుంది. ఆ ఓపిక లేనివాళ్లకు ప్లాస్టిక్కే నయమేమో, ఏటా మార్చుకుంటూ పోవచ్చు.

అప్పట్నుంచి డబ్బా లేని 4,200వి నడుస్తున్నాయి. ఈసారి కొనేముందు స్ప్రింగ్ తీగ మందం అడిగాను, షాకప్ రెండు చివర్ల బోల్టు దూరే కన్నుల మధ్య పొడవు పాతదానితో సరిచూశాను. బిగించాక హ్యాండిల్ మీద బరువేసి వదిలితే ఒక్కసారి లేచి నిలబడింది. డబ్బా ఉన్న జత అలా నిలిచేది కాదు, ఊగేది. ఆ ఊగడమే మెత్తదనం అనుకున్నాను. కొత్తవి ఒక వానాకాలం చూశాయి, ఇప్పటికి కారడం లేదు. రోజూ పొద్దంతా బండ్లు తిప్పే రిసార్టు వాళ్లకు ఇవి ఆగుతాయో లేదో నేను చెప్పలేను. వాళ్ల బరువులు వేరు, తొందర వేరు. నాలాగా నెమ్మదిగా, యాభై అరవై కిలోలతో పొలంలో తిరిగేవాళ్లకైతే సరిపోవచ్చు, రాడ్డు మీద బురద రోజూ కడుక్కుంటే.

ఆ నీలం డబ్బా మోటారు షెడ్డులో ఉంది. బుష్‌ల గ్రీజు అందులోనే పెట్టుకుంటున్నాం. మూత మాత్రం భలే గట్టిగా పడుతుంది.