చెన్నైకా, తిరువనంతపురానికా? డిసెంబరు చిత్రోత్సవాలలో తిరుపతి ప్రేక్షకునికి ఏది మేలు

అక్టోబరు నెల సగం గడిచేసరికి విశ్వవిద్యాలయ విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే ప్రశ్న అడుగుతారు: "ఈసారి చెన్నైకి పోవాల్నా, తిరువనంతపురం పోవాల్నా సార్?" రెండింటికీ వెళ్లి రమ్మని చెప్పడానికి వీలులేదు. 2024లో చెన్నై అంతర్జాతీయ చిత్రోత్సవం డిసెంబరు 12 నుంచి 19 వరకు జరిగితే, కేరళ అంతర్జాతీయ చిత్రోత్సవం 13 నుంచి 20 వరకు జరిగింది. మే నెలలో ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలోనూ, సెప్టెంబరులో ఇటలీలోని వెనిస్ చిత్రోత్సవంలోనూ పేరు తెచ్చుకున్న కొత్త చిత్రాలు దక్షిణాదికి చేరేది ఆ రోజుల్లోనే కనుక, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

చెన్నై పక్షాన చెప్పవలసినది చాలా ఉంది. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా వెళితే సుమారు 140 కిలోమీటర్లు. రైళ్లూ బస్సులూ రోజంతా ఉంటాయి. మనలో సగం మందికి అక్కడ మేనమామో, పెద్దమ్మో, కలిసి చదువుకున్న స్నేహితుడో ఉంటాడు. తమిళం రాదనే బెంగ ఈ జిల్లాలో ఎవరికీ లేదు. 2003 నుంచి ఈ ఉత్సవాన్ని నడుపుతున్న ఇండో సినీ అప్రిసియేషన్ ఫౌండేషన్‌కు విదేశీ రాయబార కార్యాలయాలతో, సాంస్కృతిక కేంద్రాలతో ఏళ్ల తరబడి పరిచయం ఉంది. ఆ కారణంగా యూరప్ చిత్రాల ఎంపిక నిండుగా ఉంటుంది. రాయపేటలోని సత్యం వంటి మంచి హాళ్లలో ప్రదర్శనలు జరుగుతాయి. నేను వెళ్లిన ఏ సంవత్సరమూ కుర్చీ దొరక్క వెనుదిరగలేదు. మొదటిసారి ఇటువంటి చిత్రాలు చూడబోయేవారికి ఈ నిమ్మళం గొప్ప మేలు.

అయినా ఇప్పుడు నన్నడిగితే తిరువనంతపురమే వెళ్లమంటాను. అందుకు మొదటి కారణం, చెన్నై మనకు మరీ దగ్గరగా ఉండటమే.

దగ్గర ఊరు గనుక ఎవరూ గది తీసుకోరు. తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చుననుకుంటారు. 2019లో నేను అలాగే వరుసగా నాలుగు రోజులు తిరిగాను. ఉదయం మొదటి ఆట నేను చేరేలోపే మొదలై ఉండేది. రాత్రి ఆట చూస్తే మాధవరం బస్టాండుకు చేరేసరికి పదిన్నర దాటేది, తిరుపతిలో దిగేసరికి రెండవుతుంది. మరునాడు ఐదింటికి మళ్లీ లేవాలి. నాలుగు రోజుల్లో తొమ్మిది చిత్రాలకు వెళ్లి, చివరిదాకా ఆరింటినే చూశాను. అంతకంటే నష్టమైనది ఎంపిక. కార్యక్రమ పట్టిక చేతికి రాగానే ఏది గొప్ప చిత్రమని వెతకడం మానేసి, ఏది ఏడింటిలోపు ముగుస్తుందని వెతికాను. నెమ్మదిగా నడిచి ఆఖరి పది నిమిషాల్లో మనసును పట్టి కుదిపే చిత్రాలను, బస్సు తప్పిపోతుందేమోనన్న ఆదుర్దాతో చూడటం వాటికి చేసే అన్యాయం.

తిరువనంతపురానికి ఆ వెసులుబాటే లేదు. దాదాపు 900 కిలోమీటర్ల దూరం. వెళితే ఉండి తీరాలి. ఉన్నవారు రోజుకు నాలుగు చిత్రాలు చూస్తారు, నడుమ తిండి తింటారు, రాత్రి నిద్రపోతారు, మరునాడు ఉదయం తాజా కళ్లతో హాల్లో కూర్చుంటారు. ఆంగ్ల ఉపశీర్షికలు చదువుతూ బొమ్మ చూడలేకపోతున్నామని బాధపడే విద్యార్థులకు నేను చెప్పేదీ ఇదే. మొదటి రోజు కన్ను అక్షరాల వెంట పరుగెడుతుంది. మూడో రోజుకు అక్షరాలు తెర అడుగున వాటంతటవే చదువుకుపోయి, కన్ను మనుషుల ముఖాల మీద నిలుస్తుంది. వరుసగా ఉండకపోతే ఆ మూడో రోజు రాదు.

ప్రయాణం అనుకున్నంత కష్టమూ కాదు. కేరళ ఎక్స్‌ప్రెస్, శబరి ఎక్స్‌ప్రెస్ రెండూ తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఆగుతాయి. పదిహేను గంటలు దాటిన ప్రయాణమే అయినా నడుమ బండి మారనక్కరలేదు. డిసెంబరు గనుక పెట్టెలన్నీ ఇరుముడులు ఎత్తుకున్న అయ్యప్ప స్వాములతో నిండి ఉంటాయి. వారు చెంగన్నూరులో దిగిపోయాక ఖాళీ అయిన బల్ల మీద కార్యక్రమ పట్టిక పరుచుకుని గుర్తులు పెట్టుకోవడం నాకు ఏటా ఇష్టమైన పని. తిరువనంతపురం స్టేషనుకు ఎదురుగా తంపానూరులోనే కైరళి, శ్రీ, నిళ హాళ్లున్నాయి. ఆ చుట్టుపక్కలే మోస్తరు అద్దెకు లాడ్జీలూ దొరుకుతాయి.

ఇక చిత్రాల ఎంపిక. 1996లో మొదలైన ఈ ఉత్సవాన్ని కేరళ రాష్ట్ర చలచ్చిత్ర అకాడమీ నిర్వహిస్తుంది. పోటీ విభాగాన్ని ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా చిత్రాలకే కేటాయించి, ఉత్తమ చిత్రానికి సువర్ణ చకోరం ఇస్తారు. కాన్, వెనిస్ చిత్రాలు వేరే విభాగంలో ఎలాగూ వస్తాయి. ఈ నియమం కాగితం మీద చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది గాని, రాయలసీమ నుంచి వెళ్లిన ప్రేక్షకునికి దాని విలువ హాల్లో కూర్చున్నప్పుడే తెలుస్తుంది. 2022లో సువర్ణ చకోరం పొందిన బొలీవియా చిత్రం 'ఉతామా'ను నేను అక్కడే చూశాను. ఎత్తైన పీఠభూమిలో ఒంటె జాతికి చెందిన లామాలను మేపుకుంటూ బతికే కెచువా తెగ వృద్ధ దంపతుల కథ అది. వానలు లేవు. ఊరి బావి ఎండిపోయింది, ముసలామె నీళ్లకోసం రోజురోజుకూ మరింత దూరం నడుస్తుంది. పట్నం నుంచి వచ్చిన మనవడు తనతో రమ్మంటే తాత కదలనంటాడు. తంబళ్లపల్లె, పుంగనూరు వైపు వెయ్యి అడుగుల బోరు వేసి నీళ్లు పడక, ఆవులను సంతలో అమ్మి బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలను చూసినవారికి ఆ చిత్రంలో విడమరచి చెప్పవలసినది ఏదీ ఉండదు. నా పక్కన కూర్చున్న పాలక్కాడు రైతు ఒకాయన హాలు బయట తన బావి సంగతి చెప్పాడు, నేను మా పడమటి మండలాల సంగతి చెప్పాను. ఆయన మలయాళానికీ నా తెలుగుకూ మధ్య తమిళమే దిక్కయింది. ఆ తర్వాతి ఆటకు ఇద్దరమూ ఆలస్యమయ్యాము.

అదే సంవత్సరం ప్రారంభ సభలో ఇరాన్ దర్శకురాలు మహనాజ్ మొహమ్మదికి పురస్కారం ఇచ్చారు. దేశం విడిచి రాలేని పరిస్థితిలో ఉన్న ఆమె, నిరసనగా తన తల వెంట్రుకలు కత్తిరించి పంపగా, గ్రీకు దర్శకురాలు అథీనా రేచెల్ సంగారి వాటిని వేదిక మీద ఎత్తి చూపారు. ఆ తర్వాత వారం రోజులపాటు ఏ ఇరాన్ చిత్రం చూసినా, తెర వెనుక ఉన్న మనుషులు గుర్తుకు వస్తూనే ఉన్నారు.

లోపాలు చెప్పకపోతే తప్పవుతుంది. తిరువనంతపురంలో జనం ఎక్కువ. పేరున్న చిత్రాలకు ముందస్తు సీట్లు తెరిచిన కొద్ది నిమిషాలకే నిండిపోతాయి. సీటు లేనివారు వరుసలో గంటసేపు నిలబడి, లోపలికి వెళ్లలేక తిరిగి వచ్చే సందర్భాలుంటాయి. హాళ్లు ఊరంతా విస్తరించి ఉన్నందున ఒకచోట ఆట ముగిశాక మరోచోటికి ఆటోలో పరుగెత్తవలసి వస్తుంది. నడుము నొప్పి ఉన్నవారు, పెద్ద వయసువారు చెన్నైకే వెళ్లడం మంచిది. అయితే రాయపేట దగ్గర మూడు రాత్రులకు గది తీసుకుని మాత్రమే వెళ్లాలి. ఆడపిల్లలను అంత దూరం ఎలా పంపాలని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అర్ధరాత్రి దాటాక తిరుపతి బస్టాండులో దిగడం కంటే, నలుగురైదుగురు కలిసి ఒక ఊళ్లో గది తీసుకుని ఉండటమే క్షేమమని నా అభిప్రాయం. ఖర్చులోనూ పెద్ద తేడా లేదు. ఉత్సవంలో చిత్రాలు చూడటానికి కట్టే ప్రతినిధి రుసుము రెండుచోట్లా వెయ్యి రూపాయలకు అటూఇటూగా, విద్యార్థులకు అందులో దాదాపు సగంగా ఉంటూ వస్తోంది. నాలుగు రోజులు చెన్నైకి తిరిగే బస్సు ఛార్జీలు లెక్కవేస్తే లాడ్జి అద్దెలో వాటాకు అక్కడికక్కడికి సరిపోతుంది.

గోవా ఉత్సవం నవంబరులో వస్తుంది. అన్నింటికంటే పెద్దది, ఖర్చూ ఎక్కువ. పైగా ఆ నెలలో మనకు వాయుగుండాల భయం ఉంటుంది. 2021 నవంబరు వరదలకు నందలూరు దగ్గర పట్టాలు కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోవడంతో ఆ ఏడాది నేను వెళ్లలేకపోయాను. బెంగళూరు ఉత్సవం 2024లోనూ 2025లోనూ మార్చి మొదటి వారంలో జరిగింది. పలమనేరు, కుప్పం వారికి అది అందుబాటులో ఉంటుంది గాని, పరీక్షల కాలం కనుక విద్యార్థులకూ అధ్యాపకులకూ కుదరదు.

తిరువనంతపురం వెళ్లదలచినవారు రైలు టిక్కెట్ల విషయంలో జాగ్రత్తపడాలి. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. డిసెంబరు రెండో వారంలో బయలుదేరాలంటే అక్టోబరు రెండో వారంలోనే తీసుకోవాలి. స్వాముల బృందాలు పదేసి, ఇరవయ్యేసి టిక్కెట్లు ఒకేసారి తీసుకుంటాయి కనుక ఒక్కరోజు ఆలస్యం చేసినా వెయిటింగ్ లిస్టే మిగులుతుంది.