పాత ఈసీఎంను ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వకండి, నేను ఇచ్చి రూ.61,350 పోగొట్టుకున్నా

సెకండ్ హ్యాండ్ ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, కొందామనుకునేవాళ్లు, అందులోనూ "ప్లగ్ అండ్ ప్లే సార్, పెట్టుకుని తోలుకోవడమే" అనే మాట విన్నవాళ్లు, డబ్బులు పంపే ముందు ఇది ఒకసారి చదవండి. కారు కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే తప్పు బండిది కాదు. అమ్మినవాడి పేరు, ఊరు కూడా రాయను. వాడి మీద ఫిర్యాదు వేరేగా నడుస్తోంది.

నాది 2014 మోడల్ డీజిల్ కారు. వానాకాలంలో ఒక సాయంత్రం గుర్రంపోడు దగ్గర మా బత్తాయి తోట నుంచి నల్గొండ వస్తుంటే కనగల్ దాటాక బండి ఒక్కసారిగా ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. టోయింగ్ చేయించి టౌన్‌లో నాకు తెలిసిన షెడ్డుకు తెచ్చాం. స్కానర్ పెడితే నాలుగైదు సెన్సార్ల ఫాల్టులు వరసగా వచ్చాయి, వాటితో పాటు పీ0641 అని ఒక కోడ్. మెకానిక్ నాకు పదేళ్లుగా తెలుసు, మంచోడే. "ఇన్ని సెన్సార్లు ఒక్కసారే ఎట్ల పోతయ్ అన్నా? పెట్టెనే పోయింది" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది కదా! నేనూ నమ్మాను.

షోరూంలో కొత్తది ముప్పై నాలుగు వేలు అన్నారు. గుండె ఆగినంత పనైంది. ఆన్‌లైన్‌లో వెతికితే అదే బండికి సెకండ్ హ్యాండ్ ఈసీఎం రూ.14,500కి దొరికింది. ఫోన్ చేశాను. "మీ పాతది పంపిస్తే మూడు వేలు తగ్గిస్తా సార్, అదెట్లాగూ పోయిందే కదా" అన్నాడు. పోయిన పెట్టెకు మూడు వేలంటే లాభమే అనిపించింది. మా మెకానిక్ షెడ్డులో విప్పిన సామాన్లు వేరేవాటితో కలిసిపోకుండా తెల్ల పెయింట్‌తో గుర్తు పెడతాడు. నా ఈసీఎం ఎడమ మూలన కూడా రెండు గీతలు పెట్టాడు. ఆ గీతలతోనే దాన్ని బబుల్ కవర్‌లో చుట్టి నా చేత్తో నేనే కొరియర్ చేశాను. ఇప్పటికీ అన్నింటికంటే నన్ను బాధపెట్టేది అదే.

వచ్చిన పెట్టె బిగించాం. సెల్ఫ్ తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు, మీటర్‌లో తాళం గుర్తు టకటకా కొట్టుకుంటోంది. దీని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు ముందే తెలిసుంటే కొనేవాడినే కాదు. ఈ బండ్లలో తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. తాళం తిప్పే చోట చుట్టూ ఉన్న రింగ్ యాంటెన్నా ఆ చిప్‌ను చదువుతుంది. అది మన బండి తాళమే అని తేలి, ఈసీఎంలో దాచిన రహస్య కోడ్‌తో సరిపోతేనే డీజిల్ వదులుతుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. వేరే బండి ఈసీఎంకి వేరే బండి తాళాలే తెలుసు, నా తాళం దానికి దొంగ తాళమే. కంపెనీని బట్టి కొన్ని బండ్లు ఒక సెకను స్టార్ట్ అయి ఆగిపోతాయి, కొన్ని అసలే అందుకోవు.

స్కానర్‌లో ఛాసిస్ నంబర్ చదివించాం. పదిహేడు అక్షరాలు, అంకెలు వచ్చాయి. నా ఆర్సీ పక్కన పెట్టి చూస్తే మొదటి కొన్ని మాత్రమే కలిశాయి. అంటే అది ఇంకెవరిదో బండి. యాక్సిడెంట్ బండో, దొంగ బండో, ఎవరికి తెలుసు? అప్పుడు అనుమానం వచ్చి పెట్టె మీద స్టిక్కర్‌ను గోరుతో లేపితే, కింద ఇంకో స్టిక్కర్ గీకేసిన మరకలు. పార్ట్ నంబర్‌లో అంకెలన్నీ నా దానివే, చివరి రెండు అక్షరాలు వేరు. అమ్మినవాడు "అదేం ఫరక్ పడదు సార్" అన్నాడు. ఫరక్ పడుతుంది. గేర్‌బాక్స్, పొల్యూషన్ స్టేజి, టర్బో, ఇలా ఒక్కో వేరియంట్‌కి లోపలి సాఫ్ట్‌వేర్ వేరుగా ఉంటుంది, ఆ తేడా చాలాసార్లు ఆ చివరి అక్షరాల్లోనే కనిపిస్తుంది.

ఇక ల్యాప్‌టాప్ అబ్బాయి. అమ్మినవాడే పంపాడు, హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చాడు, ఆరు వేలు తీసుకున్నాడు. ముందు "ఇమ్మో ఆఫ్" చేస్తానన్నాడు. అంటే చిప్ చూసే పనే తీసేయడం. నాకు అర్థమయ్యేసరికి అయిపోయింది కూడా. దానివల్ల రోడ్డు పక్క రెండొందలకు కోయించిన మామూలు తాళంతో కూడా బండి స్టార్ట్ అవుతుంది. అంటే దొంగకు తలుపు తీసి పెట్టినట్టే. అయినా బండి స్టార్ట్ కాలేదు. అప్పుడు "సాఫ్ట్‌వేర్ మీ వేరియంట్‌ది కాదు సార్, ఫ్లాష్ చేద్దాం" అన్నాడు. అంటే లోపలి ప్రోగ్రాంను మళ్లీ రాయడం. పొద్దున్నుంచి సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ ఈసురోమంటోంది. ఛార్జర్ పెడదామా అని మెకానిక్ అడిగితే "ఐదు నిమిషాల పనే భయ్యా" అన్నాడు. బానెట్ మీద ల్యాప్‌టాప్, స్క్రీన్ మీద పచ్చ గీత మెల్లగా కదులుతోంది. మధ్యలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే ఫుల్ స్పీడ్‌లో అందుకుంది. 62 శాతం దగ్గర పచ్చ గీత ఆగింది. రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ క్షణం నుంచి ఏ స్కానర్ పెట్టినా ఆ ఈసీఎం పలకడం లేదు.

ఫ్లాష్ చేస్తున్నప్పుడు వోల్టేజ్ పడిపోతే రాస్తున్న ప్రోగ్రాం సగంలో తెగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు పని అయ్యేదాకా బ్యాటరీకి ఛార్జర్ తగిలించే ఉంచుతారు. ఆ అబ్బాయి మాత్రం బ్యాగ్ సర్దుకుంటూ "మీ బండి వైరింగ్‌లోనే ప్రాబ్లం ఉంది సార్" అని వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం నిజమే, ఆయనకు తెలియకుండా అన్న నిజం.

చివరికి బండిని మళ్లీ టోయింగ్ చేయించి షోరూంకి తీసుకెళ్లాను. అక్కడి ఎలక్ట్రీషియన్ పెద్దాయన కొత్త ఈసీఎం పెట్టనంటే పెట్టనన్నాడు. "ముందు వైరింగ్ చూడాలె, లేకుంటే ఇది గూడ అట్లనే అయితది." ఈసీఎం సాకెట్ విప్పేసి, సెన్సార్లకు ఐదు వోల్టులు వెళ్లే వైరుకు మల్టీమీటర్ ఒక పిన్ను, బాడీకి ఇంకో పిన్ను పెట్టాడు. మీటర్ కుయ్‌మని మోగింది. మోగకూడదట. ఆ వైరు మీద ఉన్న సెన్సార్ల సాకెట్లు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. మోత ఆగలేదు. ఆగలేదు. బంపర్ వెనక ఏసీ గ్యాస్ ప్రెషర్ చూసే చిన్న సెన్సార్ సాకెట్ పీకగానే ఠక్కున ఆగింది. లోపల నీళ్లు, ఆకుపచ్చ చిలుము.

విషయం ఇంతే. నా బండిలో చాలా సెన్సార్లకు ఐదు వోల్టులు ఒకే లైన్ మీద వెళ్తాయి. ఒక్కటి షార్ట్ అయితే లైన్ మొత్తం కుంగుతుంది, స్కానర్‌లో అన్నీ పోయినట్టు కనిపిస్తాయి. పీ0641 అంటే సరిగ్గా అదే, ఆ రిఫరెన్స్ వోల్టేజ్ సర్క్యూట్‌లో లోపం అని. సెన్సార్ ఖరీదు, బిగింపు కలిపి రూ.1,150. ఇలాంటి షార్ట్‌కు సాధారణంగా ఈసీఎం పాడవదు, షార్ట్ తీసేస్తే మళ్లీ పనిచేస్తుందని పెద్దాయన అన్నాడు. "పాతది తెండి సార్, పెట్టి చూద్దాం." ఏం తెస్తాను? అమ్మినవాడికి ఫోన్ చేస్తే "అది ఎప్పుడో వెళ్లిపోయింది సార్" అన్నాడు.

సరే, నిజంగానే పాతది పోయిందనుకుందాం. అప్పుడు కూడా అది మన దగ్గరే ఉండాలి. ఛాసిస్ నంబర్, తాళాల కోడ్, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కోడ్‌లు అందులోని చిప్‌లో ఉంటాయి. ప్రాసెసర్ కాలిపోయినా చాలాసార్లు ఆ చిప్ బతికే ఉంటుంది. పని తెలిసినవాడు డబ్బా విప్పి అందులోని డేటాను అదే పార్ట్ నంబర్ ఉన్న వేరే ఈసీఎంలోకి ఎక్కించగలడు, క్లోనింగ్ అంటారు. అప్పుడు మన తాళాలే పనిచేస్తాయి. నా దగ్గర పాతది లేదు కాబట్టి అన్నీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఛాసిస్ నంబర్ మీద కొత్తది ఆర్డర్ పెట్టారు. ఆర్సీ కాపీ, ఉన్న రెండు తాళాలూ తెమ్మన్నారు, తేని తాళం తర్వాత పనిచేయదని ముందే చెప్పారు. ఇంజెక్టర్ల కోడ్‌ల కోసం ఇంజిన్ పైమూత విప్పి, ఒక్కో ఇంజెక్టర్ తల మీది మడ్డిని డీజిల్ గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ లైట్‌లో అక్షరం అక్షరం చదివి కాగితం మీద రాసుకున్నారు. కామన్ రైల్ డీజిల్‌లో ఏ ఇంజెక్టర్ ఎంత వదులుతుందో ఆ కోడ్ చెబుతుంది. తప్పు కొడితే ఐడ్లింగ్‌లో బండి వణుకుతుంది, పొగ వస్తుంది. పాతది ఉండుంటే స్కానర్‌తో చదివించి ఎక్కించేవారు.

ఖర్చు లెక్క రాస్తున్నా: సెకండ్ హ్యాండ్‌ది 11,500, ల్యాప్‌టాప్ అబ్బాయికి 6,000, రెండుసార్లు టోయింగ్ 4,500, కొత్తది 34,000, ప్రోగ్రామింగ్, తాళాలు 4,200, సెన్సార్ 1,150. ఏడు వారాలు ఆటోల్లో తిరిగిన ఖర్చు, బత్తాయి కోతప్పుడు తోటకు వెళ్లలేక పోయిన నష్టం ఇందులో లేవు.

ఎవరైనా ఈసీఎం పోయిందంటే ముందు బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైర్లు, మెయిన్ రిలే, ఫ్యూజులు, ఆ ఐదు వోల్టుల లైన్, ఇవన్నీ చూశారా అని అడగండి. చూడకుండా పెట్టె మార్చమంటే ఇంకో షెడ్డుకు వెళ్లండి, మొహమాటపడొద్దు. నేను మొహమాటపడ్డాను. సెకండ్ హ్యాండే కొనాల్సి వస్తే అక్షరాలతో సహా పార్ట్ నంబర్ ఫోటో తెప్పించుకోండి. కోడింగ్ ఎవరు చేస్తారు, కాకపోతే డబ్బు వాపసా అన్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోండి, బిల్లు తీసుకోండి. నాకు బిల్లు లేదు, కానీ "ప్లగ్ అండ్ ప్లే, 100% వర్కింగ్" అన్న మెసేజ్, డబ్బు పంపిన రసీదు ఉన్నాయి. వాటితోనే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

ఇంకొక మాట. ఈ మధ్య ఎవరైనా కొన్న సెకండ్ హ్యాండ్ ఈసీఎం మీద ఎడమ మూలన తెల్ల పెయింట్‌తో రెండు గీతలు కనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి. ఆ పెట్టెలో ఏ లోపమూ ఉండకపోవచ్చు. మీ బండిలో మాత్రం పనిచేయదు.